పదో సంచి

వెంకవ్వ మొండితనం నందిపేట్ వైపు ఊళ్లలో అందరికీ తెలిసిందే. పసుపు ఉడికించే బాయిలర్ దగ్గర తనను దాటి ముందుకొచ్చిందని, పక్క చేను కౌలుకు చేసే సువార్తతో రెండేళ్లుగా మాట మానేసింది. ఎదురుపడితే కొంగు సర్దుకుని ఆకాశం చూస్తుంది. అలాంటి మనిషి ఆ రోజు ఆర్మూర్ రైతు సంఘం ఆఫీసులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

సంగతేమిటంటే, సువార్త అమ్మకానికి పెట్టిన పసుపు లాటు ఆగిపోయింది. పది సంచుల్లో తొమ్మిది ఒక తీరు, పదోది వేరే తీరు అని ల్యాబ్ తేల్చింది. నాలుగింటికి లారీ కదిలేలోగా విషయం తేలకపోతే కొనేవాళ్లు లాటు మొత్తం వదిలేస్తారు. పైగా కల్తీ అనుమానం సువార్త పేరు పక్కనే ఉండిపోతుంది.

"గా ల్యాబోళ్లు రాసింది కొట్టేయరాదా బిడ్డా? నాలుగు అచ్చరాలే గద!" అని వెంకవ్వ సంఘం రికార్డులు చూసే నందినిని అడిగింది.

"గిది బ్లాక్‌చైన్ అత్తా. మన సంఘం, గోదాం, ల్యాబ్, కొనేటోళ్లు, సర్కారు ఆఫీసు. పర్మిషన్ ఉన్న గీ ఐదుగురే రాయాలె. ఒకరు రాసింది ఐదు జాగలల్ల ఉంటది, ఎవ్వరు కొట్టేయరాదు. తప్పయితే కింద సవరణ రాయాలె. గదిగూడ పని చేసినోళ్లే వచ్చి వేలిముద్ర వెయ్యాలె."

"ఎప్పటిదాంక ఉంటదే?"

"ఎప్పటికీ."

వెంకవ్వ తిరగడం మాని నిలబడిపోయింది. ఎందుకంటే ఆ పదో సంచి పెట్టింది ఆమే.

పోయిన నెల కళ్లంలో సువార్త పసుపు తొమ్మిది సంచులే అయింది. పదికి తగ్గితే లాటు తీసుకోరు. సంచులకు కుట్టమని సంఘం ఇచ్చిన పది ట్యాగుల్లో మిగిలినదాన్ని చేతిలో పట్టుకుని సువార్త చాలాసేపు కూర్చోవడం వెంకవ్వ కంట పడింది. ఆదివారం సువార్త ప్రార్థనకు వెళ్లగానే తన సంచి ఒకటి ఈడ్చుకొచ్చి, ఆ ట్యాగు కుట్టి, వరుస చివర నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు ఇంటికి పోయింది. మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది గానీ సంచి ఇవ్వనని పెట్టుకోలేదు కదా! సువార్త మాత్రం మరుసటి వారం చర్చిలో లేచి, దేవుడే తన పదో సంచి నింపాడని సాక్ష్యం చెప్పింది. ఆ మాట చెవిన పడి వెంకవ్వ కడుపుబ్బ నవ్వుకుంది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. నిజం చెబితే రెండేళ్ల పంతం గంగలో కలిసినట్టే, అదీ ఐదు చోట్ల చెరగని రాతలో. చెప్పకపోతే సువార్త మునుగుతుంది. అవతల బెంచీ మీద సువార్త ముఖం పాలిపోయి ఉంది. "నేనేం కలపలే, దేవునికెరుక" అని గోదాం చూసే లింగానికి మళ్లీ మళ్లీ చెబుతోంది. ఆ గొంతు విని వెంకవ్వకు తన మీద తనకే కోపం వచ్చింది.

"రాయి బిడ్డా. గా సంచి నాది. నేనే పెట్టిన."

"ఎందుకు పెట్టినవో రాయాలె అత్తా."

"తొమ్మిదే ఉండె. పది గావాలె. గంతే." అంతలోనే, "మేం మాట్లాడుకోమని గూడ రాయి" అంది.

నందిని నవ్వాపుకుంటూ అదీ రాసింది. ఏళ్ల తరబడి పసుపు రుద్ది అరిగిన వేలు మిషన్‌కు మూడోసారికి గానీ దొరకలేదు. అంతకుముందు పరీక్షించిన వెంకవ్వ లాటుతో పదో సంచి సరిపోలిందని ల్యాబ్ రాసింది. గోదాం ఒప్పుకుంది, కొనేవాళ్లు ఒప్పుకున్నారు. నాలుగవడానికి పది నిమిషాలుందనగా సర్కారు ఆఫీసు నుంచి మాట వచ్చింది: ఇద్దరు రైతుల పేర్లతో లాటు పంపవచ్చు.

సువార్త లేచి వచ్చింది. "నువ్వా అక్కా పెట్టింది?"

"పెట్టిన. ఇగ చర్చిల చెప్పుకో, దేవుడు గాదని."

"ఎందుకు చెప్త? ఇచ్చింది దేవుడే. ఎవలి నడుం మీద మోపిండో గిప్పుడు ఎరుకైంది."

వెంకవ్వ అలవాటుగా ఆకాశం చూడబోయింది. పైన ఆఫీసు ఫ్యాను తప్ప ఏమీ లేదు. ఇక చేసేది లేక సువార్త ముఖమే చూసింది.

"వచ్చే ఏడు బాయిలర్ నాదే ముందుగాల" అంది.

"గదిగూడ గా రికార్డులనే రాయిద్దాం అక్కా" అంది సువార్త, కళ్లు తుడుచుకుంటూ. "కొట్టేయరాదట గద!"