నొప్పి వచ్చిందా ఆవిడకి?

తరగతిలో అడుగు పెడితే చాలు, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం తెప్పించే లెక్కల టీచరమ్మ ఆ రోజు డాక్టరు గదిలో గోడకానుకుని నిలబడి ఉంది. ఉన్నది ఒక్కటే కుర్చీ. గుండెపోటు వచ్చింది ఈవిడకి, కుర్చీలో కూర్చున్నది మాత్రం భర్త, ఆయనగారు.

మళ్లీ బడికి పోవచ్చో లేదో తేల్చడానికి ఆమె ఒంటికి వైర్లు అతికించి, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండె గీతలు తీశారు. వేగం పెరిగేసరికి దవడ కింద పట్టేసింది. పోటు వచ్చిన రోజున వచ్చిన నొప్పే అది. మిషను దగ్గరున్న అమ్మాయికి చెప్తే ఆ పిల్ల మిషనైతే ఆపింది గానీ, ఎందుకాపిందో కాగితం మీద రాయలేదు.

"గీతలు కిందికి దిగాయి," అన్నారు డాక్టరు. "ఆడవాళ్లలో ఊరికే కూడా ఇలా దిగుతుంటాయి లెండి. నడిచేటప్పుడు నొప్పేమైనా వచ్చిందా ఆవిడకి?"

అడిగింది ఎవర్ని? ఆయనగారిని. అంతసేపూ బయట బల్ల మీద కూర్చుని పేపరు తిరగేసిన మనిషిని.

"అబ్బే, ఏం లేదండి," అన్నారాయన నిబ్బరంగా. "ఊరికే కంగారు పడుతుంది."

'నొప్పి లేదు' అని రాసేశారు డాక్టరు. "అయితే భయమేం లేదు. సోమవారం నుంచి బడికి పంపండి."

టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పంపాలిట, తనేమన్నా పార్సిలా?

"డాక్టరుగారూ, గుండె నాది, నొప్పీ నాది. దవడ పట్టేస్తేనే మిషను ఆపించాను. పోటు వచ్చిన రోజూ ఇలాగే పట్టేస్తే గ్యాసన్నారు. ఇప్పుడూ గాలికొదిలేస్తారా?"

"నువ్వాగవే," అన్నారు ఆయనగారు.

"ఆగనండీ. పోయేది నేను."

డాక్టరు ఆ కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఒకసారి పోటు వచ్చిన మనిషికి గీతలూ దిగి, నొప్పీ వస్తే ఊరికే అని కొట్టిపారెయ్యడానికి లేదని ఆయనకు తెలియక కాదు. అడగాల్సిన మనిషిని అడగలేదు, అంతే. రాసింది కొట్టేశారు.

"రక్తనాళాల్లో అడ్డు ఉండొచ్చు. యాంజియోగ్రామ్ చెయ్యాలి," అన్నారు, మళ్లీ ఆయనగారి వైపే తిరిగి. "ఈరోజే చేర్పించండి. మెట్లెక్కొద్దని ఆవిడకి చెప్పండి."

ఆయనగారు లేచారు. కుర్చీని భార్య దగ్గరికి జరిపారు.

"తనకే చెప్పండి సార్," అన్నారు తల దించుకుని. "నేను బయట కూర్చున్నాను. నాకేం తెలీదు."