ఎర్ర స్విచ్చు

డబ్బా మూత విప్పకముందే ఫకీర్ అహ్మద్ ముక్కుకు వాసన తగిలింది. ముప్ఫై ఏళ్లుగా రేడియోలు, టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు విప్పుతున్న మనిషి. కాలిన వైరు వాసన వేరు, మాడిన ట్రాన్స్‌ఫార్మర్ వాసన వేరు. ఇది పగిలిన కెపాసిటర్‌ది. చేపల బుట్ట దగ్గర అగ్గిపుల్ల గీసినట్టుంటుంది.

"ఏమైందన్నా?" అంది నీలి.

"జర ఆగు బిడ్డా. చూడనీ."

మానుకోటలో దుకాణాలన్నీ మూసి మూడు వారాలు దాటింది. సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బళ్లు లేవు, ఆఫీసులు లేవు. బొగ్గు గనులు కూడా ఆగడంతో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. నీలి కొత్తగూడ దగ్గరి తండా నుంచి గూడూరు దాకా ట్రాక్టర్ మీద, అక్కడినుంచి ఆటోలో వచ్చింది. కంప్యూటర్ డబ్బాను బొంతలో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చింది. దుకాణం షట్టర్ వేసి ఉంటే, చుట్టూ తిరిగి ఇంటి పెరటి తలుపు కొట్టింది.

పన్నెండేళ్ల కిందటి యంత్రం అది. హన్మకొండలో ఏదో సంస్థ వాడి వదిలేస్తే, తండా పోడు భూముల కమిటీకి వచ్చింది. ఇంటర్ చదివింది కాబట్టి కమిటీ రాతకోతలన్నీ నీలి చూస్తుంది.

ఫకీర్ అహ్మద్ డబ్బాను వెనక్కి తిప్పాడు. కరెంటు వైరు గుచ్చే చోట, చిటికెన వేలి గోరంత ఎర్ర స్విచ్చు. ఒక వైపు జరిపితే 230 అని కనిపిస్తుంది, రెండో వైపు జరిపితే 115. ఇప్పుడు 115 కనిపిస్తోంది.

అతని చేతులు ఆగిపోయాయి.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం నీలి ఫోన్ చేసింది. తండాలో మోటార్లన్నీ నడిచే వేళ బల్బు మిణుగురు పురుగులా వెలుగుతోందని, కంప్యూటర్ లేవడమే లేదని చెప్పింది. అప్పుడు తనే చెప్పాడు, వెనక ఎర్ర స్విచ్చు ఉంటుంది, ఇటు జరుపమని. అది తక్కువ కరెంటు దేశాల కోసం పెట్టిన ఏర్పాటు. వోల్టేజీ సగానికి పడిపోయే ఊళ్లలో మెకానిక్కులందరికీ తెలిసిన చిట్కా. చెప్పాడు, పని జరిగింది, సంబరపడ్డాడు. నిండు కరెంటు వచ్చినప్పుడు వెంటనే వెనక్కి జరపాలని మాత్రం చెప్పలేదు. తండాకు నిండు కరెంటు ఎప్పుడొచ్చింది గనక?

సమ్మెలో వచ్చింది. వేళ కాని వేళ, ఒక్క మోటారూ నడవని మధ్యాహ్నం, రెండు వందల ముప్ఫై వోల్టులు సూటిగా వచ్చాయి.

"నువ్వు చెప్పినంక ఒక్క రోజు మొరాయించలేదన్నా ఇది," అంది నీలి, అతని ముఖం చూసి భయపడి. "మొన్న పనిజేస్కుంట ఉంటె ఠప్పుమన్నది. పొగొచ్చింది. గంతే."

"కరెంటు ఎక్కువొచ్చింది," అన్నాడు ఫకీర్ అహ్మద్. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

నీలి కొంగు ముడి విప్పి మడత పెట్టిన కాగితం తీసింది. తండాలో పంతొమ్మిది కుటుంబాల పోడు పట్టాల దరఖాస్తు, తగిన ఆధారం లేదని తిరస్కరించినట్టు నోటీసు. అరవై రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. అరవయ్యో రోజు ఇవాళే, శనివారం.

"ఆఫీసులు బంద్ గదా?"

"ఆఫీసులు బందైతె దినాలు బందైతయా? జనగామల వకీలు సారు చెప్పిండు, పోస్టాఫీసు కేంద్రానిది, అది నడుస్తది, రిజిస్టర్ పోస్టు మీద ఇయ్యాలటి ముద్ర పడితె చాలని. ఆధారం మా మామ మాటే అన్నా. ఎవరు ఏ సంవత్సరం అడవి గొట్టి ఏ చెల్క జేసిండ్రో ఆయిన చెప్తుంటె మూడు పేజీలు రాసినం. పేజీ పేజీకి ఏలిముద్రేసిండు."

"జాల్యా నాయకుడు బాగున్నడా?"

"పోయిన మాఘంల పోయిండు."

ఫకీర్ అహ్మద్ తల దించుకున్నాడు.

"కాయితాలు పెట్టెల చెదలు తిన్నయి. తినకముందు ఫోటోలు దీసి దీంట్ల పెట్టిన. ఇంకేడ లేవు."

అతను టైము చూశాడు. పదిన్నర. రిజిస్టర్ పోస్టు కౌంటర్ రెండింటికి మూస్తారు. ఇంట్లో కరెంటు లేదు.

రోడ్డు మీద మైకు మోగుతోంది. ఆ రోజు వంటావార్పు. రాకపోకలు ఆపి, రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి, ఊరంతా అక్కడే వండుకుని అక్కడే తింటోంది. మైకు కోసం ఒక జనరేటర్ పెట్టారు. ఫకీర్ అహ్మద్ నీలిని డబ్బా దగ్గర కూర్చోబెట్టి బయటికి నడిచాడు.

సమ్మె కమిటీ బాధ్యుడు బిక్షపతి, బడిపంతులు, టెంటు కింద జెండాలు కట్టిస్తున్నాడు. విషయం విని అడ్డంగా తలూపాడు.

"షట్టర్ లేపుడు కుదరది ఫకీర్ భాయ్. నీది లేస్తె పక్క బట్టల దుకాణమాయిన నాదేం పాపమంటడు. మూడు వారాలు పట్టుకొచ్చినం."

"షట్టర్ లేపనన్నా. బల్ల రోడ్డు మీదికే తెస్త. జర మీ జనరేటర్ల నుంచి వైరియ్యి."

"వంటావార్పుల కంప్యూటర్ వండుతవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్ద గిన్నెలో అన్నం కలియబెడుతున్న సారమ్మ మాత్రం నవ్వలేదు. మున్సిపాలిటీలో ఊడ్చే మనిషి, బిక్షపతికి తల్లి వయసుది.

"ఎవరింటి పొయ్యి వాళ్లు తెచ్చుకోమన్నది నువ్వే గదా పంతులూ. ఆయిన పొయ్యి గదే. తెచ్చుకోనీ."

"జనరేటర్ చిన్నదవ్వా. మైకు, కంప్యూటర్ రెండు మొయ్యది."

"మైకు బంద్ జెయ్. గొంతుల్లేవా మనకు?"

బిక్షపతి కాసేపు సారమ్మ కేసి, కాసేపు ఫకీర్ అహ్మద్ కేసి చూశాడు. "గంట," అన్నాడు చివరికి. "గంటంటె గంటే."

పెరటి దారిన బల్ల, డబ్బా, పాత మానిటర్, ప్రింటరు, పనిముట్ల సంచి, పాత సామాను సంచి తెచ్చేసరికి పదకొండు దాటింది. మైకు ఆగింది. పాడేవాళ్లు డప్పు దగ్గరికి జరిగి ఉత్త గొంతుతో అందుకున్నారు. ఎండ కళ్లలో పడుతుంటే ఎవరో అడగకుండానే టెంటు గుడ్డ ఒక మూల విప్పి బల్ల వైపు వంచి కట్టారు. ఎవరు కట్టారో ఫకీర్ అహ్మద్ తల ఎత్తి చూసేలోగా వెళ్లిపోయారు.

అతను ముందు డబ్బా లోపల అన్నిటికీ కరెంటు అందించే పెట్టె విప్పాడు. లోపల రెండు పెద్ద కెపాసిటర్ల నెత్తులు పగిలి గోధుమరంగు గుజ్జు కారి ఉంది. ఫ్యూజు నల్లబడింది. దాన్ని బాగుచేసే టైము లేదు. పాత సామాను సంచిలో అదే రకం కరెంటు పెట్టె ఒకటి దొరికింది. దాని ఎర్ర స్విచ్చు 230 మీద ఉందో లేదో ఒకసారి చూశాడు. చూశాక మళ్లీ చూశాడు. జనరేటర్ వోల్టేజీని మీటరుతో కొలిచి, పెట్టె ఒక్కటే నడుస్తుందో లేదో చూడడానికి దాని ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపాడు. ఫ్యాను తిరిగింది.

నీలి అరచేతులు రెండూ ముఖానికి ఆన్చుకుంది.

"ఇంక లేవలేదు బిడ్డా. ఇది ఊపిరే."

కొత్త పెట్టెను డబ్బాకు బిగించి మీట నొక్కాడు. ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

ఎక్కడో ఏదో అడ్డంగా కలిసిపోయి కరెంటును మింగేస్తోంది. అలాంటప్పుడు కరెంటు పెట్టె తనను తాను ఆపుకుంటుంది. ఫకీర్ అహ్మద్ ఒక్కొక్క వైరే ఊడదీస్తూ వచ్చాడు. ఫ్లాపీ డ్రైవు తీశాడు, ఆగింది. సీడీ డ్రైవు తీశాడు, ఆగింది. హార్డ్ డిస్కు వైరు తీసి నొక్కాడు. ఫ్యాను ఆగకుండా తిరిగింది. బీప్ అంది. తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి.

"లేసింది!" అన్నాడు బిక్షపతి. ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డాడో.

ఫకీర్ అహ్మద్ ఊడదీసిన డిస్కును చేతిలోకి తీసుకున్నాడు. మిగతా యంత్రమంతా బాగుంది. చెడిపోయింది ఫోటోలున్న డిస్కే.

డిస్కును బోర్లా తిప్పి పచ్చటి పలక మీద మీటరు ముళ్లు ఆన్చాడు. పన్నెండు వోల్టుల దారి నేరుగా ఎర్తుకు కలిసిపోయి ఉంది. ఆ దారి మొదట్లో బియ్యపు గింజంత నల్ల డయోడు. ఎక్కువ కరెంటు వచ్చినప్పుడు అడ్డం పడి తను చచ్చి, వెనకున్న వాటిని కాపాడడమే దాని పని. పని చేసిందో, చేసేలోగానే లోపలంతా పోయిందో దాన్ని తీస్తే గాని తెలియదు.

టంకం పుల్ల వేడెక్కింది.  భార్య జహీరా ఉన్నప్పుడు ఇలాంటి పనికి లాంతరు పట్టుకుని పక్కన కూర్చునేది, మాట్లాడకుండా. ఆమె పోయి మూడేళ్లు. ఫకీర్ అహ్మద్ మోచేతులు బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి డయోడును లేపాడు. అది పుల్ల కొసకు అంటుకుని వచ్చింది.

వైరు గుచ్చి మీట నొక్కాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. డిస్కు చిన్నగా ఈల వేసి, టిక్కుటిక్కుమని, గరగరమంటూ చదవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు కోసం చెవి పెట్టినంతగా అతను మనుషులెవరి మాట కోసమూ పెట్టలేదు.

నీలి మౌసు అందుకుంది. మామ పేరుతో ఉన్న ఫోల్డర్. మొదటి పేజీ తెరిచింది. గీతల కాగితం, నీలిరంగు సిరా, అంచున జాల్యా వేలిముద్ర. రెండో పేజీ. అదీ ఉంది. మూడో పేజీ పైనుంచి మెల్లగా దిగుతూ వచ్చింది. మూడు పేర్లు కనిపించాయి. నాలుగో పేరు దగ్గర కాగితం అయిపోయి, కిందంతా బూడిద రంగు.

"ఇంకా వస్తది గదా?" అంది నీలి.

రాలేదు. మూసి తెరిచింది. అంతే.

"మొన్న పేలినప్పుడు ఏం పని జేస్తున్నవు?"

"మూడో పేజీ అడ్డంగ ఉంటె నిలువుగ తిప్పి సేవ్ జేస్తున్న."

పాతదాని మీద కొత్తది సగం రాసేసరికి యంత్రం చచ్చింది. ఫకీర్ అహ్మద్ కుర్చీలో వెనక్కి ఆనాడు. పంతొమ్మిది ఇళ్లలో పదిహేను ఉన్నాయి. నాలుగు బూడిదలో పోయాయి.

"ఎవరెవరియి?" అన్నాడు బిక్షపతి.

"హీర్యాది. టీక్యాది. లత వాళ్లది." నీలి తెర మీది బూడిద రంగు మీద వేలు పెట్టింది. "మాది. మా మామ అందరియి చెప్పినంక మాది చెప్పిండు."

పాట ఆగింది. పన్నెండున్నర. బిక్షపతి ఇచ్చిన గంట ఎప్పుడో దాటింది, అతను గుర్తు చేయలేదు.

ఫకీర్ అహ్మద్ లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది.

"నీలీ, ఇది కరెంటు తప్పు గాదు. నాది. ఆ ఎర్ర స్విచ్చు అటుంటె నిండు కరెంటుకు పేలుతది. తిప్పుమన్నది నేను. మల్ల ఇటు తిప్పాలని చెప్పలే."

"ఎవరడిగిండ్రు భాయ్ గిప్పుడు?" అన్నాడు బిక్షపతి నెమ్మదిగా. చుట్టూ జనం వింటున్నారు. రేపు సమ్మె ఆగి షట్టర్ లేస్తే, యంత్రాలు తెచ్చేది ఈ జనమే.

నీలి అతన్ని సూటిగా చూసింది. "పొద్దుగాలనే తెల్సా నీకు?"

"తెల్సు."

"మూత దియ్యకముందే తెల్సా?"

"వెనక్కి తిప్పంగనే తెల్సింది."

 ఆమె బల్ల మీది కాగితాల్లోంచి ఒకటి లాగి అతని ముందు పెట్టింది. "అయితె రాయి. కింద మా నాలుగు పేర్లు ఉండె, నేను చూసిన అని రాయి. మెకానికు రాస్తె నమ్ముతరు."

"నేను చూడలేదు బిడ్డా."

"నేను చూసిన గదా! నేనే రాసిన గదా!"

"చూడనిది చూసినట్టు రాస్తె, ఉన్న పదిహేను కూడ అబద్ధమంటరు. చూసింది రాస్త."

"పదిహేను మంచిగుండాలె, మేం మునగాలె. నువ్వు చేసిందానికి!"

 సారమ్మ గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నీలి భుజం మీద చేయి వేసింది. "రాయనీ బిడ్డా. నీ నాలుగు పేర్లు నువ్వు ఇంకో కాయితం మీద రాయి. ఆయిన తప్పు ఆయిన రాసుకోనీ. రెండు కాయితాలు ఒక్క కవర్లనే పోతయి."

ఫకీర్ అహ్మద్ రాశాడు. తన పేరు, తండ్రి పేరు, దుకాణం ఉన్న వీధి. మూడో పేజీ ఫోటో కింది సగం ఈ యంత్రం కాలిపోవడం వల్ల చెడిపోయిందని, కాలిపోవడానికి కారణం తాను ఫోనులో ఇచ్చిన తప్పు సలహా అని, కమిటీ వాళ్ల నిర్లక్ష్యం ఏమీ లేదని రాశాడు. చెడిన భాగంలో ఏముందో తాను చూడలేదని కూడా రాశాడు. ఆ వాక్యం రాసేటప్పుడు నీలి ముఖం తిప్పుకుంది. సంతకం పెట్టాక సాక్షిగా బిక్షపతి పెట్టాడు.

బల్ల అవతలి కొసన నీలి తన కాగితం నింపింది. నాలుగు పేర్లు, నాలుగు చెలకలు, వాటి సరిహద్దుల్లోని బండలు, ఇప్పచెట్లు. మామ నోట విన్న మాటలే, ఇప్పుడు వేలిముద్ర లేకుండా.

ప్రింటరు పాతది. ఒక్కో పేజీని కీచుమంటూ గీత గీతగా కొట్టింది. రిబ్బను పలచబడి వేలిముద్రలు మసకగా వచ్చాయి. అయినా ముద్రలని తెలుస్తున్నాయి.

పోస్టాఫీసులో ఒకే ఒక్క కౌంటరు. రెండు కావడానికి ఇంకా పది నిమిషాలు. గుమాస్తా కవరు తూచి, రశీదు చించి, తేదీ ముద్ర కొట్టాడు. మసకగా పడిందేమోనని వెలుతురుకు ఎత్తి చూసి, తనంతట తానే రెండోసారి గట్టిగా కొట్టాడు.

తిరిగొచ్చేసరికి రోడ్డు మీద భోజనాల బంతులు సాగుతున్నాయి. సారమ్మ ఇద్దరికీ విస్తళ్లు వేసింది. నీలి తన విస్తరి ఎత్తుకుని బల్ల దగ్గరికి వెళ్లి, అతనికి పక్కవాటుగా కూర్చుని తింది.  ఫకీర్ అహ్మద్ మజ్జిగ మాత్రం తాగి లేచి డిస్కు వైరు ఊడదీశాడు.

"ఎందుకు తీస్తున్నవ్?" అంది నీలి. 

"సగం రాసిన కొత్త ఫోటో కింద పాతది ముక్కలు ముక్కలుగ దీంట్లనే ఉండొచ్చు. ఇట్లనే ఇంక నడిపిస్తె వాటి మీద ఇంకేదన్న రాస్తది. ఈ డబ్బాల నడపకుంట, వేరే యంత్రానికి పెట్టి వెతకాలె. సామాను గావాలె, దినాలు పడ్తది."

"దొరుకుతదా?"

"దొరుకుతదని చెప్పలేను."

నీలి విస్తరి మడిచింది. చేయి కడుక్కుని వచ్చి, బొంత విప్పి, డిస్కును అతని చేతిలోంచి తీసుకుంది. కాసేపు బరువు చూస్తున్నట్టు పట్టుకుని నిలబడింది. తీసుకుపోతుందనుకున్నాడు. ఆమె దాన్ని బొంత గుడ్డ చించి చుట్టి, మళ్లీ అతని చేతిలో పెట్టింది.

"వెతుకు," అంది.