ద్రోబ్నిత్స తేదీ

పెస్యా లిఫ్షిట్జ్ చక్కెర బిళ్ల పంటికింద పెట్టుకుని, చల్లారిన టీ చప్పరిస్తూ పదిహేడో పేజీ ప్రూఫు తిరగేసింది. వాచిన పాదాలను చెప్పుల్లోంచి బయటికి తీసి బల్లకింద పెట్టుకుంది. న్యూయార్క్‌లో తయారవుతున్న ఆ యూదుల విజ్ఞాన సర్వస్వంలో తేదీలు సరిచూడడం పదకొండేళ్లుగా ఆమె పని. ఆమె పేరు మాత్రం ఏ సంపుటంలోనూ లేదు.

పేజీలో ద్రోబ్నిత్స కూడా లేదు. మళ్లీ వెతికింది. లేదు.

అది ఆమె ఊరు. యుద్ధంలో జర్మన్లు ఊరందరినీ ఏ రోజున అడవికి తోలి చంపారో ఎవరికీ సరిగా తెలియదు. యూదుల ఆచారంలో పోయినవాళ్లకు ఏటా వాళ్లు పోయిన తేదీనే దీపం వెలిగించాలి. బతికి బయటపడ్డ ఇరవై మందీ తలో రోజున వెలిగిస్తున్నారు. ఎనిమిదేళ్లు ఉత్తరాలు రాస్తే, జవాబుల్లో ఒక్కొక్కరు ఒక్కో రోజు చెప్పారు. నిజమైన రోజేదో చివరికి ఆమె తేల్చింది, పదకొండు పంక్తుల్లో రాసిచ్చింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు తట్టకుండానే సంపాదకుడి గదిలోకి దూసుకుపోయింది.

"మా ఊరేదండీ, వైన్‌గార్టెన్‌గారూ?"

"వెయ్యిమందిలోపు పోయిన ఊళ్లు తీసేశాం పెస్యాగారూ. చోటు లేదు."

"చందా ఇచ్చిన ఆ కార్సెట్ల షావుకారు తండ్రికి రెండు కాలమ్‌ల చోటుందే! ఊళ్లో ఆడవాళ్ల నడుములు బిగించడం తప్ప ఏం చేశాడాయన?"

"గొంతు తగ్గించండి."

"పదకొండేళ్లు తగ్గించాను. మావాళ్లు తొమ్మిది వందల నలభై. ఇంకో అరవైమంది చచ్చుంటే సరిపోయేదా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. సిగ్గులేని మనిషి.

శుక్రవారం పొద్దుగూకితే యూదుల విశ్రాంతి దినం మొదలు కాబట్టి ముందే ఆఫీసు మూశారు. లిఫ్టు నడిపే జల్మన్‌ది కూడా ద్రోబ్నిత్సే. రోజూ అడిగేదే ఆ రోజూ అడిగాడు.

"ఏ రోజో నా చెవిలోనైనా చెప్పవే, తల్లీ!"

"అచ్చు కాని తేదీ పుకారుతో సమానం. సోమవారం వాడి మెడలు వంచి వేయిస్తాను. అచ్చులో చూసుకో."

ఇంత పట్టుదల ఎవర్ని బాగుచేయడానికి? తిట్టాలంటే ఆమెనూ తిట్టాలి.

సోమవారం ఆమె రాలేదు. శనివారం నిద్రలోనే గుండె ఆగిందని పక్కింటావిడ ఫోను చేసింది. జల్మన్ లిఫ్టు వదిలేసి పైకి పరిగెత్తాడు.

"ఆవిడ రాసిన కాగితం ఇప్పించండి."

"తీసేసిన కాగితాలు శుక్రవారమే బాయిలర్‌లో వేసేస్తాం. అది పద్ధతి," అన్నాడు వైన్‌గార్టెన్.

"పోనీ తేదీ చెప్పండి!"

"నేను చదవలేదయ్యా."

చదవకుండానే కొట్టేశాడు. జల్మన్ వెళ్లి ఆమె బల్ల సొరుగు ఒక్క లాగు లాగాడు. లోపల తపాలాకు కట్టిన ఇరవై పొట్లాలు, ఒకదాని మీద తన పేరు. విప్పితే తేదీ రాసిన చీటీ ఏదీ లేదు; గాజు గ్లాసులో మైనపు దీపం, వెలిగించని తెల్లటి ఒత్తితో.