అన్నిచోట్లా ముక్కోణమే

భార్య పోయిన దగ్గర్నుంచి నర్సింహులు సారుకు ప్రతిదానికీ జాగ్రత్త ఎక్కువైంది. స్టవ్ కట్టేసి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి చూసుకునేవాడు. బడిలో ఇంగ్లిషు చెప్పి రిటైరైన అలాంటి మనిషికి కామారెడ్డిలో మోటారు సామాన్ల దుకాణం నడిపే హన్మండ్లు ఒక పని అప్పజెప్పాడు. బోరు స్టార్టర్‌తో వచ్చే ఇంగ్లిషు పుస్తకాన్ని తెలుగులో రాసిపెట్టాలి.

ఇంగ్లిషులో ఒక్కచోటే పసుపు ముక్కోణం, దాని మధ్య ఆశ్చర్యార్థకం ఉన్నాయి. కరెంటు ఉండగా స్టార్టర్ డబ్బా మూత తెరిస్తే ప్రాణం పోతుందని చెప్పడానికి. మిగతా పనులకు మాత్రం జాగ్రత్త అక్కర్లేదా అనుకున్నాడు సారు. బటన్ నొక్కే చోట ఒకటి, పొడిగుడ్డతో తుడిచే చోట ఒకటి, చివరికి ‘ధన్యవాదములు’ పక్కన కూడా ఒకటి పెట్టించాడు.

పుస్తకం అచ్చయిన కొన్నాళ్లకే హన్మండ్లు ఫోన్ చేశాడు.

“సారూ, ఎల్లారెడ్డిల గంగామణి అని ఒకామె డబ్బా వాపస్ తీస్కోమని లొల్లి పెడుతున్నది. బిగించినంక ఒక్కపారి సుత ముట్టలేదంట. నారుమడి ఎండుతుందంట. జర నువ్వే పోయి చెప్పు.”

సారు దొరికిన బస్సెక్కాడు.

నిజమే, నారు కొసలు పసుపెక్కాయి. గంగామణి పుస్తకం పట్టుకుని డబ్బాకు దూరంగా నిలబడి ఉంది.

“పచ్చ బటన్ ఒత్తుమన్నవు, పక్కకే గండం బొమ్మ పెట్టినవు. ఒత్తాల్నా, వద్దా సారూ?”

“ఒత్తాలె బిడ్డా. పైలంగ, జాగ్రత్తగ ఒత్తాలె అని పెట్టిన.”

“గట్లనా! మా ఆయన బీర్కూర్ల దున్నకానికి పోయిండు. నేను సస్తే గీ నారు ఎవరు సూస్తరు? దండం పెట్టిన కాడ గూడ గదే బొమ్మ. దండానికి గూడ షాక్ కొడ్తదా?”

సారు జేబులోంచి పెన్ను తీశాడు. ధన్యవాదాల ముక్కోణం కొట్టేశాడు. గుడ్డ దగ్గర చెయ్యి ఆగింది.

“ఇదొక్కటి ఉండనియ్యి. తడిగుడ్డ అయితే...”

“తడి సంగతి మాకెరికే. కొట్టు.”

కొట్టాడు. బటన్ దగ్గరిది కొట్టడానికి ఇంకాస్త బేరమైంది. కూరగాయల దగ్గర కూడా సారు అంత గట్టిగా బేరమాడి ఎరగడు. చివరికి మూత దగ్గరిది ఒక్కటే మిగిలింది.

“దీన్నైతే కొట్ట,” అన్నాడు.

“దాన్ని నేనూ కొట్టనియ్య,” అని గంగామణి కళ్లు మూసుకుని పచ్చ బటన్ నొక్కింది.

మోటారు గుర్రుమంది. పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు కక్కింది. సారు సంబరపడి కాలువ పక్కనే గట్టు మీద నడుస్తూ జారి, బురదలో కూలబడ్డాడు.

గంగామణి నవ్వు ఆపుకోలేకపోయింది.

“పెట్టాల్సిన కాడ పెట్టకపోతివి గద సారూ!”

చెయ్యందించింది. సారు వెంటనే అందుకోలేదు. నీళ్లు మడిలోకి పాకుతూ ఒక్కో నారు మొక్క మొదలునూ తాకుతున్నాయి. అంత దగ్గరగా కూర్చుని నారుకు నీళ్లందడం చూడటం ఆయనకు అదే మొదలు.