పడుకునే త్రిభుజం

త్రిభుజాన్ని తెర మీద గీయడం నిదియాకు ఒక పూట పని. దానికి అల్లరి నేర్పడానికే నెలలు పట్టింది. ఏ మూలనైనా వేలితో పట్టుకుని లాగితే కోణాల రంగులు మారతాయి. ఒకటి బలిస్తే మిగతావి చిక్కిపోతాయి. మూలను ఎదుటి గీత మీదికి తెచ్చామా, త్రిభుజం ఉఫ్‌మని నిట్టూర్చి చాపలా పడుకుంటుంది. పైన సూచనలు లేవు, కింద మార్కులు లేవు.

మోంతెవిదేవో పిల్లల మ్యూజియం డైరెక్టరు వాషింగ్టన్ గారికి ఆ పడుకోవడమే గిట్టలేదు. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే అనే ఆకుల టీని గొట్టంతో పీల్చే సొరకాయ బుర్ర పట్టుకుని తిరిగే ఆ పెద్దమనిషి, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

"త్రిభుజం అన్నాక మూడు కోణాలుండాలి. ఇది గీతై కూర్చుంటే టీచర్లు నా మొహాన ఉమ్మేస్తారు. మూల అంతదూరం పోకుండా అడ్డం కట్టెయ్."

"అడ్డం కడితే ఇంకేముంటుంది సార్? పోతే ఏమవుతుందో పోయి చూస్తేనే కదా తెలిసేది!"

"నాకే పాఠాలా? రేపే ప్రారంభం. అడ్డం కట్టకపోతే తెర పక్క గోడ మీద, చేసినవాళ్ళుగా నీ పేరుండదు."

ఆ పేరు చూడటానికే నిదియా వాళ్ళమ్మ సాల్తో నుంచి బస్సెక్కి వస్తోంది.

"పీకెయ్యండి. పేరు పీకెయ్యండి. నా త్రిభుజం జోలికి మాత్రం రాకండి."

ఆయన అన్నంత పనీ చేశాడు. త్రిభుజాన్ని వేరొకరితో మార్పించే వ్యవధి లేక దాన్ని వదిలేశాడు.

మర్నాడు తెల్ల అంగీలు, మెడకు నీలం రిబ్బన్లతో బడిపిల్లలు తెర మీద విరుచుకుపడ్డారు.

"చచ్చిందిరోయ్!"

"చావలేదురా, పడుకుంది. ఇదిగో, లేపుతున్నా చూడు!"

"ఆ రెండు కోణాల్నీ ఇదే మింగేసింది టీచర్!" అని ఒక పిల్ల గావుకేక పెట్టింది.

"నల్లబల్ల మీద నేను చెప్పలేక చచ్చేది ఇదే," అంటూ టీచరమ్మ డైరెక్టరు వైపు తిరిగింది. "ఎవరు చేశారండీ?"

వాషింగ్టన్ గారు మాతే గొట్టం చప్పరిస్తూ, "మా బృందమంతా కలిసి..." అని నసిగాడు.

అప్పుడే అమ్మతో లోపలికొచ్చిన నిదియా గుంపును తోసుకుంటూ ముందుకు నడిచింది.

"నేను చేశాను," అంది హాలంతా వినబడేలా. "మూలకి అడ్డం కట్టమన్నారు. కట్టను అన్నాను. అందుకే అక్కడ నా పేరు లేదు."

వాళ్ళమ్మ ఖాళీ గోడను ఎగాదిగా చూసింది. చేతిసంచిలోంచి లిప్‌స్టిక్ తీసి, ఎవరూ ఆపేలోగా, కూతురి పేరు ఇంటిపేరుతో సహా రాసేసింది.