పసుపు పెట్టిన తెప్ప

“ఒలే భారతీ, ఆ రుద్దుడు ఒగ్గేసి బేగి రా. పొద్దున్నించీ ఏటి సేత్తన్నావని ఇంకా అన్నం వండనేదు?”

అత్త బొడ్డమ్మ కేక వేసేసరికి భారతి పెరట్లో తెప్ప లోపల మోకాళ్ల మీద కూర్చుని, గరుకు కాగితంతో అడుగు గీకుతోంది. ఏం చేస్తున్నానో కళ్లెదుట కనబడుతూనే ఉంటే ఇంకా అడగడమెందుకు అనుకుంది. అనుకుని, లేచి వెళ్లి బియ్యం కడిగింది.

భావనపాడు దగ్గర ఇసుకమేటకి కొట్టుకుని ఆ ఫైబరు తెప్ప అడుగంతా చిట్లిపోయింది. చేపల వేట నిషేధం రోజులు కదా, అందరూ తెప్పలు బాగుచేయించుకునేది అప్పుడే, మేస్త్రీలందరికీ చేతినిండా పని. ఎవరూ దొరకలేదంటూ భర్త రాజేంద్ర చతికిలబడితే, పుట్టింట్లో అన్న పక్కన నేర్చుకున్న పని భారతే మొదలుపెట్టింది. పాత పొర గీకడం, ఫైబరు గుడ్డ పరిచి జిగురు పూయడం, ఆరాక రుద్దడం, రంగు వేయడం. రుద్దినప్పుడు లేచే ఫైబరు పొడి ఒంట్లో గుచ్చుకుని ఒకటే దురద. అలాగని అంట్లు ఆగాయా, నీళ్లు మోయడం ఆగిందా, కూలికి తెచ్చుకున్న జీడిపప్పు పొట్టు తీయడం ఆగిందా? తెప్ప చూసి ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం రాజేంద్ర “నానే సేసేను బావా” అనేవాడు. ఒకసారి ఆమె పక్కనే ఉంటే, “ఇది కూడా రంగు డబ్బా అందించిందిలే” అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

గంజి వార్చి తిరిగొచ్చేసరికి తెప్ప ముక్కుకి నిండా పసుపు, కుంకుమబొట్లు.

“వర్జ్యం వచ్చేత్తాదని పెట్టీసినాను. నిసేదం ఈ రేత్తిరితో అయిపోతాది, రేపు తెల్లారి ఏటకెల్లిపోవాల,” అన్నాడు రాజేంద్ర.

పెరట్లో ఉన్నన్నాళ్లూ తెప్ప ఒట్టి వస్తువు, ఎవరెక్కినా ఎవరూ పట్టించుకోరు. పసుపు పెట్టాక అది దేవత. ఇక ఆడది కాలు మోపకూడదు.

“లోపలొక దగ్గర ఇంకా మెత్తగున్నాది బావా. ఏలెడితే దిగిపోతంది. గుడ్డెయ్యకపోతే నీళ్లొచ్చేత్తాయి.”

“పసుపెట్టేక నువ్వెక్కితే నా కొడుక్కి పేనగండం!” అంది బొడ్డమ్మ.

“అయితే ఆ గుడ్డ నువ్వే ఏసెయ్ బావా.”

“నాకా పని రాదు కదే,” అన్నాడు రాజేంద్ర. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

భారతి వంటింట్లోకి వెళ్లింది. కూర కలిపింది, మళ్లీ బయటికొచ్చింది, మళ్లీ లోపలికెళ్లింది. కాలు నిలవడం లేదు. ఎక్కితే గండమంటారు, ఎక్కకపోతే నడిసముద్రంలో నీళ్లు. ఏమైనా అయితే రేపు వీళ్లే తన పసుపుకుంకాల బలం చాల్లేదంటారు. క్షేమంగా తిరిగొస్తే రాజేంద్ర పనితనం అంటారు. ఎటు తిరిగినా తన చేతులు ఎక్కడా లేవు, నింద మాత్రం ఉంది. అతడి మీద పీకలదాకా కోపం ఉంది. అతడు నీళ్లపాలవడం తలుచుకుంటే భయమూ ఉంది. ఆ రెండూ తనవే, ఎవరినీ అడగక్కర్లేదు అనిపించింది. పొయ్యి కట్టేసింది.

జిగురు కలిపింది. గుడ్డ ముక్క కత్తిరించి భుజాన వేసుకుంది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, పసుపు పెట్టిన తెప్పలోకి కుడికాలు వేసి ఎక్కింది.

“ఓలమ్మో! దిగే! గంగమ్మ తల్లికి కోపమొత్తాది!” బొడ్డమ్మ గుండెలు బాదుకుంది.

భారతి తలెత్తకుండా మెత్తటి చోటు వేలితో వెతికి, గుడ్డ పరిచింది.

“గంగమ్మ ఆడది కాదేటత్తా? పసుపెట్టిన తెప్పలన్నిట్నీ మోసీది ఆవిడే కదా.”