రెండు ఎండల వడియాలు

అప్పలకొండకి కాలమంటే ఎండల లెక్క. బూడిద గుమ్మడికాయ వడియానికి మూడు నిండు ఎండలు కావాలి. రెండింటికే తీసేస్తే లోపల పచ్చి ఉండిపోయి వారంలో బూజు పడుతుంది. అందుకే భిలాయి క్యాంప్ 1లోని తన డాబా ఎక్కగానే ఆమె వీధిలోకి తొంగి చూడదు. ముందు ఆకాశం చూస్తుంది, తర్వాత కుండీల్లోని ఆకులు చూస్తుంది.

ఈ చూపు ఊరికే అబ్బలేదు. పెళ్లయి భిలాయి వచ్చిన మొదటి చలికాలం ఆమెకున్నది పుట్టింటి తెలివే. శ్రీకాకుళం సముద్రపొడ్డున కొంగలు బారులుగా లోపలికొస్తే వెనకే వాన ఉన్నట్టు. ఇక్కడా సాయంత్రం కొంగలు బారు కట్టాయి. ఆమె వడియాలు చుట్టేసి ఇంట్లో పెట్టింది. మర్నాడూ కొంగలే, మళ్లీ చుట్టింది. నాలుగు రోజులకి వడియాలకు గడ్డం మొలిచింది. అవి రోజూ చెరువు గట్టు చెట్ల మీద పడుకోవడానికి వెళ్లే కొంగలని వీధిలో ఆమెకి తప్ప అందరికీ తెలుసు. ఏడాదిపాటు ఆమె పేరు కొంగలప్పలకొండ.

ఆ నష్టం తర్వాత ఈ ఊరి గుర్తులు కొత్తగా నేర్చుకుంది. రెల్లు తెల్లగా పూస్తే వానలు సర్దుకున్నట్టే. దీపావళి అటూ ఇటూగా తోకాడించే బూడిదరంగు పిట్ట డాబా మీద దిగితే గాలిలో తేమ తగ్గినట్టు, గుమ్మడికాయలు బేరమాడొచ్చు. చలి ముదిరాక చూడవలసింది మంచు. తెల్లారేసరికి ఆకులు తడిసి ఉంటే ఆ రోజు ఎండ ఖాయం.

ఈ డిసెంబరులో స్మృతి నగర్‌లో హాస్టల్ పిల్లలకి క్యాంటీన్ నడిపే విన్సెంట్ పది కిలోలు అడిగాడు. శుక్రవారానికి కావాలి, ఒక్కోటి నిమ్మకాయంత ఉండాలి. నచ్చితే చలికాలమంతా ఆమెదే బేరం. నచ్చకపోతే మెషిన్ ప్యాకెట్లు తెచ్చుకుంటానన్నాడు.

సోమవారం పొద్దున కూతురు అమ్ము ఫోన్‌లో వాతావరణం చూసుకుంటూ డాబా మీదికొచ్చింది.

"అమ్మా, బుధవారం రాత్రి నుంచి బారిష్ అంట. పప్పు నానబెట్టకు, పక్కా ఖరాబ్ అవుతాది."

అప్పలకొండ ఆనపాకు మీద వేలు రాసింది. వేలు తడిసింది. తీగ మీద పచ్చపిట్టలు వరసగా కూర్చుని రొమ్ములు ఎండకి పెట్టాయి. ఉక్కు ప్లాంటు పొగ నిటారుగా లేస్తోంది.

"మంగళ, బుధ నా సేతిలో ఉన్నాయే. మూడో ఎండే నేదు."

"మరి?"

"మూడో ఎండ అడగని వడియం పెడతాను. బుడ్డి వడియం."

"ఇత్నా ఛోటా? విన్సెంట్ అంకుల్ నవ్వుతారమ్మా!"

"నవ్వితే నవ్వనీ. బూజు సూసి ఏడవడంకన్నా నయం కాదేటి?"

నానబోసిన పప్పుని మళ్లీ డబ్బాలో పోయలేం. అది తెలిసే ఆ సాయంత్రం నానబోసింది. గుమ్మడి తురుము ఉప్పేసి మూటకట్టి మీద రాయి పెట్టింది. మంగళవారం తెల్లారేసరికి పాతచీరల నిండా ఉసిరికాయంత వడియాలు లేచాయి.

బుధవారం పొద్దున ఆనపాకు పొడిగా ఉంది. పొగ పడమటికి వాలింది; తూర్పుగాలి, వాన తెచ్చేది. ఆమె ఆలోచించలేదు; చీరల వెనక నీళ్లు చిలకరించి, వడియాలు ఒలిచి, బోర్లించి ఎండనిచ్చింది. మూడు గంటలకి తోకచీలిన పిట్టలు తలలకి తగిలేంత కిందుగా తిరగడం మొదలెట్టాయి. ఒక వడియం విరిచింది. టిక్కుమంది. అయిదింటికి చినుకులు పడేసరికి డాబా మీద చీరలు కూడా లేవు.

"ఫోన్ రాత్రికి అంది," అని అమ్ము గొణిగింది.

"దానికి డాబా నేదు కదే."

శుక్రవారం విన్సెంట్ తడిసిన రెయిన్‌కోటుతో వచ్చి సంచిలో చెయ్యి పెట్టాడు. ముఖం చిన్నబోయింది.

"ఇదేంటండీ ఆంటీ? నేను నిమ్మకాయంత అన్నాను కదా. ఇవి గోళీలండీ!"

అప్పలకొండ నూనె మూకుడు పొయ్యి మీద పెట్టింది.

"తిన్నాక తిట్టండి బాబూ."

గరిటె తిప్పేలోపు వడియాలు పొంగి తేలాయి. విన్సెంట్ ఒకటి నమిలాడు. ఇంకోటి నమిలాడు. ఏడోదాకా ఆగలేదు.

"పెద్దవైతే పైన మాడి లోపల మెత్తగా ఉంటున్నాయండి. ఇవి మధ్యదాకా వేగాయి. కంచానికి ఒకటే వేశానని పిల్లలు రోజూ గొడవ. ఇవైతే అయిదు వెయ్యొచ్చు."

"తూకం అదే, అయిదేసినారన్న పేరు మీది," అంది అప్పలకొండ.

విన్సెంట్ పెద్దగా నవ్వి, "వారం వారం ఇవే పంపండి. ఎన్నాళ్లు ఇవ్వగలరు?" అన్నాడు.

"బూరుగు ఎర్రగా పూసేదాకా. ఆ తర్వాత గాలి లేస్తాది, డాబా మీద ఎర్రదుమ్ము పడతాది. దుమ్ము వడియాలు నేనమ్మను."

"తారీకు చెప్పండి ఆంటీ, రాసుకుంటాను."

"నాకేటి తెల్సు? మీ క్యాంటీన్ ఎదురుగానే ఉంది కదా బూరుగు. దాన్ని అడగండి."

విన్సెంట్ గుమ్మంలో నిలబడి, వానలోకి చూస్తూ, ఎనిమిదోది తీసుకున్నాడు.